పాటకు కూలి ఎంత?

మా మహిళా మండలి వార్షికోత్సవానికి ఖర్చుల పద్దు రాసే పని ప్రతి ఏడూ నా నెత్తినే పడుతుంది. ఎప్పుడో కాలేజీలో కామర్స్ చదివిన పాపం ఇంకా పండుతూనే ఉంది. క్రిందటేడు పద్దులో షామియానా, కుర్చీలు, మైకు కలిపి 18 వేలు, భోజనాలకు 45 వేలు, వేదిక మీద పూలకు 7 వేలు, ముఖ్య అతిథిగారి శాలువాకూ జ్ఞాపికకూ 3 వేలు రాశాను. ఎవరూ మాట్లాడలేదు. ఆఖరి వరుసలో "జానపద గీతాలు, 12 వేలు" అని చదివేసరికి అందరి చేతుల్లోనూ కాఫీ గ్లాసులు ఆగిపోయాయి.

"పన్నెండు వేలా? ఊడ్పు పాటలకా?" అన్నారు మా కార్యదర్శిగారు. "మా పుట్టింటివాళ్ళ చేలో కూలివాళ్ళు పొద్దస్తమానం పాడేవారు. గట్టు మీద నిలబడి ఊరికే వినేవాళ్ళం."

"వాళ్ళకదేమన్నా కష్టమా పిన్నిగారూ, పుట్టుకతో వచ్చిన విద్య!" అంది ఇంకొకావిడ.

పూలవాడితో బేరమాడటానికి మొహమాటపడిన మేము, పాటవాళ్ళతో బేరమాడాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఆ పనీ నాకే అప్పగించారు.

కోనసీమలో ఒక పల్లె నుంచి వచ్చే ఆరుగురు ఆడవాళ్ళ బృందం అది. పెద్దావిడకు యాభై దాటి ఉంటాయి. మాట్లాడుకుందాం రమ్మంటే మా ఇంటికి వచ్చింది. "చూడమ్మా, ఏదో ఆడవాళ్ళం పెట్టుకున్న సంఘం. నువ్వేమీ సంగీతం మాస్టారికి డబ్బు పోసి నేర్చుకోలేదు కదా. ఓ అయిదు వేలకి సర్దుకో" అన్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది గానీ, అన్నమాట అన్నట్టే చెప్పాలి.

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. గ్లాసు కింద పెట్టి, "చేలో పాడితే ఊడ్పు కూలి ఇచ్చేవోరండి. పాటకి ఎవరూ ఇవ్వలేదండి, మేవూ అడగలేదండి. పాడుకుంటే నడుం నొప్పి తెలీదు, అందుకని పాడుకునేవోళ్ళం. మరి మీ మండపంలో ఊడ్పుల్లేవు కదండీ? ఇక్కడ మాకు పాటే పనండి" అంది.

నా దగ్గర జవాబు లేదు. "సంఘంలో చెప్పి కబురు చేస్తానండి" అన్నాను. అప్పటిదాకా నువ్వు నువ్వు అంటున్నదాన్ని, ఎప్పుడు "అండీ"లోకి దిగానో నాకే తెలియలేదు.

ఆ ఒక్క మాటా నన్ను చాలా రోజులు పట్టుకుంది. జానపద గీతాల గురించి నేను విన్న ఉపన్యాసాలన్నిటికంటే ఆ మాటలోనే విషయం ఎక్కువున్నట్టు తోచింది. మనం జానపదం అనగానే తేనెలూరే పలుకులని, మట్టి వాసన అని మొదలుపెడతాం. నిజానికి ఆ పాటల్లో చాలా భాగం పనిముట్లు. రోకలి, తిరగలి, చాట, కొడవలి వరసలో పాట కూడా ఒకటి. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఒకే రోట్లో మార్చి మార్చి రోకళ్ళు వేస్తుంటే, ఒకరి రోకలి ఇంకొకరి రోకలికి తగలకుండా కాపాడేది దంపుడు పాట. తిరగలి పాటలో సాగదీత ఎక్కువ. రాయి ఒక చుట్టు తిరిగి రావాలి కదా! ఊడ్పు పాటలో ఒకావిడ అంటే తక్కినవాళ్ళు అందుకుంటారు. వాళ్ళు అందుకున్నంత సేపూ ముందావిడ ఊపిరి తీసుకుంటుంది, రెండు మొక్కలు నాటుతుంది. ఆ పాటకు ముగింపు ఏ కవిగారూ పెట్టరు. గట్టు రాగానే పాట ఆగిపోతుంది.

ఇలాంటి పాటకు విడిగా డబ్బు అడగాలని ఎవరికీ తోచదు. రోకలికి జీతం ఇస్తామా? మా కార్యదర్శిగారు గట్టు మీద నిలబడి ఊరికే విన్నానంటే, అందులో అబద్ధం లేదు. అప్పుడు కూలి పనికి. పాట కొసరు.

మరి ఇప్పుడా పని ఏదీ? రైసు మిల్లు వచ్చి దంపుడు పాటకు ఉద్యోగం తీసేసింది. మిక్సీ వచ్చి తిరగలి పాటను ఇంటికి పంపించింది. ఊడ్పులకూ యంత్రాలు దిగాయి. అయ్యో, మన పాటలు పోతున్నాయని మనం వాపోతుంటాం గానీ, వాటికోసం మిక్సీ పక్కన పెట్టి తిరగలి ముందు కూర్చుంటామా? మీ సంగతేమో గానీ నేను కూర్చోను. వంగి వంగి నడుము విరగ్గొట్టుకున్న ఆ ఆడవాళ్ళను మళ్ళీ వంగమనడం న్యాయమూ కాదు.

పని పోయింది, పాట మిగిలింది. దానికి ఇక రెండే దారులు. పుస్తకంలోకి వెళ్ళి కూర్చోవాలి, లేదా వేదిక ఎక్కి తన తిండి తనే సంపాదించుకోవాలి.

పుస్తకం దారిని నేను తక్కువ చేయడం లేదు. నేదునూరి గంగాధరంగారి వంటివారు పూని సేకరించి ఉండకపోతే ఎన్నో పాటలు మనదాకా వచ్చేవే కావు. బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఈ గేయాల మీదే పరిశోధన చేసి డాక్టరేట్ అందుకున్నారు. ఆ గ్రంథం 1958లో అచ్చయింది. కూలివాళ్ళ పాట విశ్వవిద్యాలయంలో అడుగు పెట్టడం చిన్న విషయం కాదు. కానీ పుస్తకంలో పాట మాటలే ఉంటాయి, గొంతు ఉండదు. వంటల పుస్తకం చదివితే ఆకలి తీరుతుందా?

ఇక వేదిక దారి. ఈ దారి తొక్కిన తొలి తెలుగు ఆడవాళ్ళెవరంటే మా కాకినాడ ఆడపడుచులనే మొదట చెప్పుకోవాలి. వింజమూరి అనసూయాదేవిగారు, సీతాదేవిగారు. మేనమామ దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు. తల్లి వెంకటరత్నమ్మగారు ఆ రోజుల్లోనే "అనసూయ" అనే పత్రిక నడిపిన సంపాదకురాలు. పత్రికకూ కూతురికీ ఒకటే పేరు! అటువంటి ఇంట పుట్టి, సంగీతం నేర్చి, కృష్ణశాస్త్రిగారి గీతాలకు బాణీలు కట్టిన అక్కచెల్లెళ్ళు కూలి జనం పాటల్ని కచేరీ వేదిక మీదికి తెచ్చారు. త్యాగరాజ కీర్తన వినడానికి వచ్చినవాళ్ళ ముందు పడవ పాట, పొలం పాట పాడటానికి ఆ కాలంలో ఎంత గుండె కావాలో ఊహించుకోండి. తరవాత సీతాదేవిగారు హైదరాబాదు ఆకాశవాణిలో జానపద సంగీత కార్యక్రమాలకు ప్రొడ్యూసరుగా పనిచేశారు. 1920లో పుట్టిన అనసూయాదేవిగారు నిండు జీవితం గడిపి 2019లో అమెరికాలో కన్నుమూశారు. మధ్యతరగతి ఇళ్ళలో ఆడపిల్ల పెళ్ళిచూపులకు ఒక కీర్తనతో పాటు ఒక జానపద గీతం కూడా పాడటం మొదలైందంటే అందులో వీళ్ళ చేయి తప్పకుండా ఉంది.

ఇంత చెప్పాక ఒక అసంతృప్తి కూడా చెబుతాను, కోప్పడకండి. వాళ్ళు పాడగా వింటే శ్రుతి శుద్ధంగా ఉంటుంది, ప్రతి మాటా ముత్యంలా వినిపిస్తుంది. అయితే చేలో వినిపించే ఆ బరక గొంతు, ఆ ఆయాసం అందులో ఉండవు. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసిన నేత చీరలా ఉంటుంది పాట. అది గ్రామఫోను రికార్డుల కాలం అని కూడా గుర్తుంచుకోవాలి. ఆ నల్లటి పళ్ళెంలో ఒక వైపుకు పట్టేది సుమారు మూడు నిమిషాలు. గట్టు దాకా సాగే పాటను మూడు నిమిషాల్లో మడిచి పెట్టాలంటే ఎక్కడో ఒకచోట కత్తెర పడక తప్పదు. ఇస్త్రీ లేకపోతే ఆ చీర మన హాల్లోకి వచ్చేదీ కాదు. కనుక తప్పు పాడినవాళ్ళది అనను. తప్పు మనది. పాటకు తలుపు తీసి, ఆ పాట పుట్టించినావిడను గేటు దగ్గరే నిలబెట్టాం.

కొందరు ఆ గేటు తోసుకుని వాళ్ళే లోపలికి వచ్చారు. అనసూయాదేవిగారు పుట్టిన 1920లోనే గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్‌గారు అలాంటివారు. ఊరూరా తిరిగే జంగం కథ 1940ల్లో ప్రజానాట్యమండలి చేతిలో పడి మనం ఎరిగిన బుర్రకథగా తయారైంది. నాజర్‌గారు దాన్ని ఒక పెద్ద ప్రదర్శన విద్యగా నిలబెట్టారు. మధ్యలో తంబుర పట్టుకుని చిందేసే కథకుడు, అటు ఇటు గుమ్మెటలతో రాజకీయ వంత, హాస్య వంత. ఎవరు ఎప్పుడు అందుకోవాలో, జనం ఏడ్చిన తరవాత ఎన్ని క్షణాలకు నవ్వించాలో అన్నీ లెక్క ప్రకారం. ఇది పుట్టుకతో వచ్చిన విద్యేనా? గంటల తరబడి గొంతు, కాలు, కన్ను ఒక్కటి చేసి సాధించిన విద్య. ఆయన ఆత్మకథ పేరు "పింజారి". దూది ఏకే కులం పేరు దాచుకోకుండా పుస్తకం మీద వేసుకున్నారు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు.

"అవునులెండి, మగవాళ్ళు ఎక్కడైనా నెగ్గుకొస్తారు" అంటారేమో. అయితే బుర్రకథకు చెల్లెలులాంటి విద్య ఒకటి ఛత్తీస్‌గఢ్‌లో ఉంది, చూడండి. దాని పేరు పాండవాని. పేరే చెబుతోంది కదా, పాండవుల కథ. కథకుడి పక్కన ఊ కొడుతూ ప్రశ్నలు వేసే తోడు ఒకరు, అచ్చం మన వంతలాగే. అందులో రెండు పద్ధతులు. కూర్చుని చెప్పేది వేదమతి, లేచి నిలబడి అభినయిస్తూ చెప్పేది కాపాలిక. ఆడవాళ్ళకు కూర్చునే పద్ధతే రాసిపెట్టారు. భిలాయ్ దగ్గర గనియారి అనే ఊళ్ళో 1956లో పుట్టిన తీజన్ బాయి, అమ్మ వైపు తాతగారు చెప్పే భారతం వింటూ కథంతా కంఠస్థం చేసింది. 13 ఏళ్ళ వయసులో పక్క ఊళ్ళో మొదటిసారి నలుగురి ముందు పాడింది. అదీ లేచి నిలబడి! అందుకు ముట్టింది 10 రూపాయలు.

ఆడది పాండవాని పాడటమేమిటని కులంవాళ్ళు వెలేశారు. చిన్న గుడిసె వేసుకుని, ఇరుగుపొరుగు దగ్గర గిన్నెలు, గింజలు అడిగి తెచ్చుకుని ఒంటరిగా బతికింది గానీ పాట మానలేదు. నాటకరంగంలో మహానుభావుడు హబీబ్ తన్వీర్ ఆమెను గుర్తించాక దేశమంతా తెలిసింది, విదేశాలూ తిరిగింది. చేతిలో ఉన్న తంబురే ఒక క్షణం భీముడి గద, మరుక్షణం అర్జునుడి విల్లు, ఇంకో క్షణం ద్రౌపది జుట్టు. 2019లో పద్మవిభూషణ్ అందుకుంది. ఆ మొదటి 10 రూపాయలు ఎవరిచ్చారో గానీ, నాకు వాళ్ళకు దండం పెట్టాలనిపిస్తుంది. ఆ పిల్ల చేతిలో పెట్టింది పాటకు కూలి.

పెద్ద బిరుదు వస్తే చాలు, ఇక ఆ కళాకారుడికి లోటేముంటుందని మనం అనుకుంటాం. అది కూడా నిజం కాదు. కిన్నెర మెట్లమీద కథలు పలికించే దర్శనం మొగిలయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాదు దగ్గర ఇళ్ళు కట్టేచోట కూలిపని చేస్తున్నారని పేపర్లో చదివి చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఢిల్లీలో పతకం, సినిమాలో ఒక పాట, ఊరూరా సన్మానాలు. ఇవన్నీ పండగ భోజనాలు. రోజూ వంట చేసుకోవడానికి బియ్యం వేరే కావాలి. అంటే నెలకు నాలుగు ప్రదర్శనలు, వాటికి తగిన డబ్బు. ఆ నాలుగు ప్రదర్శనలు పెట్టేది ఎవరు? మా మహిళా మండలి లాంటివాళ్ళమే. బేరమాడేదీ మేమే.

సరే, మా వార్షికోత్సవం సంగతి చెప్పాలి కదా. సంఘంలో పెద్దావిడ అన్నమాట యథాతథంగా చెప్పాను. కాసేపు నిశ్శబ్దం. చివరికి పూలు 7 వేల నుంచి 2 వేలకు దించి, జ్ఞాపిక కొట్టేసి, 12 వేలు ఖాయం చేశాం. కార్యదర్శిగారు నాతో వారం రోజులు మాట్లాడలేదు.

డబ్బిచ్చాను కనుక బాగుందని మెచ్చుకోవడం నా వల్ల కాదు. పని అన్నాక పనిని చూసినట్టే చూడాలి. మొదటి అరగంట బాగాలేదు. ఆ తప్పు సగం మాదే. కాస్త హుషారుగా ఉంటుందని ఊళ్ళో కీబోర్డు వాయించే కుర్రవాణ్ణి పక్కన కూర్చోబెట్టాం. అతను ఒక మీట నొక్కితే దరువు దానంతట అదే పరుగెడుతుంది. దంపుడు పాటకూ అదే పరుగు, అప్పగింతల పాటకూ అదే. జోలపాటకు కూడా అదే! ఆ జోల వింటే ఏడ్చే బిడ్డ నిద్రపోవడం అలా ఉంచి, నిద్రపోయే బిడ్డ లేచి కూర్చుంటుంది. తక్కిన సగం వాళ్ళది. చేలో ఆ చివరికి వినిపించేలా పాడిన అలవాటుకొద్దీ మైకు ముందు కూడా అరిచారు. మైకుకు గుసగుస కూడా వినపడుతుందని ఎవరో ఒకరు వాళ్ళకు నేర్పాలి. ఒకే నడక పాటలు వరసగా మూడు పాడేశారు. ముందు వరసలో ఎవరో "సినిమా పాట!" అనగానే అదీ పాడారు. కాదనడం కూడా వృత్తిలో భాగమే. అదింకా పట్టుబడలేదు.

అప్పుడు పెద్దావిడ కుర్రవాడి వైపు తిరిగి "బాబూ, కాసేపు చేతులు తీసెయ్యి నాయనా" అంది. ఆరుగురూ వేదిక అంచున వరసగా నిలబడ్డారు. ఊడ్పు పాట ఎత్తుకుని, ఒక్కొక్క చరణానికి ఒక్కొక్క అడుగు వెనక్కి వేయడం మొదలుపెట్టారు. ఊడ్చేవాళ్ళు వెనక్కే కదా నడుస్తారు! ఆవిడ అనడం, అయిదుగురు అందుకోవడం. ఆ అందుకునే వ్యవధిలో ఆవిడ ఊపిరి పీల్చుకోవడం మైకులో వినపడింది. చేతులు ఊరికే వేలాడుతున్నా నాకు వాటిలో నారు కట్టలు కనిపించాయి. అలా వెనక్కి వెనక్కి వెళ్ళి, వెనకనున్న తెరకు వీపులు తగలగానే పాట టక్కున ఆగిపోయింది. ఆ తెరే గట్టు. హాలంతా ఒక్క క్షణం చప్పట్లు కొట్టడం మరిచిపోయింది. నా పక్క కుర్చీలో కార్యదర్శిగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నారు. పుట్టిల్లు గుర్తొచ్చిందో, గట్టు మీద నిలబడి ఊరికే విన్నది గుర్తొచ్చిందో నేను అడగలేదు.

పని లేకుండానే పని నడకను పాటలో నిలపడం. నా దృష్టిలో జానపద గాయని వృత్తి కళాకారిణి కావడమంటే అదే. జరీ చీరలు, మీట దరువులు వృత్తి కాదు. 12 వేలూ ఆ ఒక్క పాటకే ఇచ్చామనుకున్నా నాకు నష్టం కనిపించలేదు.

ఇంకొక్క మాట. ఆవిడ ప్రతి పాటకూ ముందు "ఇది మా అత్త కాడ నేర్చుకున్నానండి", "ఇది మా ఊళ్ళో మంత్రసానమ్మ పాటండి" అని చెప్పింది. మనం ఆ చోట "సాంప్రదాయం" అని ఒక్కమాట వేసి చేతులు దులుపుకుంటాం. కాపీరైటు చట్టం 1957లో వచ్చినా, పాడేవాళ్ళకు తమ ప్రదర్శన మీద హక్కు 1994 సవరణతో గానీ రాలేదు. కవి ఎవరో తెలియని పాటకు అడిగే దిక్కెవరు? 2021లో "సారంగ దరియా" సినిమా పాట ఊరూరా మోగినప్పుడు, దాన్ని అమ్మమ్మ దగ్గర నేర్చుకుని అంతకు ముందే టీవీలో పాడిన ఒక అమ్మాయి "మరి నా మాట?" అని అడిగింది. ఆ పేరు చెబుతామని, ప్రతిఫలమూ ఇస్తామని దర్శకుడు అందరి ఎదుటా ఒప్పుకోవలసి వచ్చింది. పాట ఊరిదే కావచ్చు. ఊరిలో దాన్ని ఇన్నాళ్ళు మరిచిపోకుండా మోసిన మనిషి ఒకరు ఉంటారు కదా! ఆ మోతకూ కూలి ఉంది.

ఇంటికి వచ్చాక నాకు ఒక విషయం గుర్తొచ్చింది. నా పిల్లలకు నేను పాడిన జోలపాట మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. మా అమ్మకు అది ఎవరు నేర్పారని ఫోను చేసి అడిగాను. అమ్మ కాసేపు ఆలోచించి, "నేను పురిటికి వెళ్ళినప్పుడు నీళ్ళు పోసిన ముసలమ్మ పాడేదే. దాని పేరు ఏమిటే చెప్మా..." అంది. ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఆ ముసలమ్మకు నీళ్ళు పోసినందుకు చీర పెట్టారట. పాటకు ఏమీ పెట్టలేదు.

ఈ ఏడు వార్షికోత్సవానికి పద్దు మళ్ళీ నా చేతికే వచ్చింది. ఈసారి షామియానాకంటే ముందు, మొదటి వరుసలో "పాటకు" అని రాసి, అంకె వేసే చోటు ఖాళీ వదిలాను. ఆ అంకె ఆవిడనే అడిగి వేస్తాను.